కదలొద్దంటే వింటుందా?

ఏమండీ, మీరెప్పుడైనా లేగదూడను ఎదురుగా పెట్టుకుని బొమ్మ వేశారా? చెవి దాకా వచ్చామో లేదో, తల అటు తిప్పేస్తుంది. తోక సంగతి ఇక చెప్పక్కర్లేదు. మనిషయితే కాస్త కదలకుండా కూర్చోమనొచ్చు. దూడకెవరు చెబుతారు?

అందుకే నాకు మాక్స్ స్లేఫోగ్ట్ అంటే అంత ఇష్టం. 1868లో బవేరియాలో పుట్టాడాయన. లీబర్మాన్, కోరింత్, ఈయన... జర్మన్ ఇంప్రెషనిస్టుల్లో ఈ ముగ్గురినీ కలిపే చెబుతారు. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ జూలో జంతువుల్ని చూస్తూ నూనెరంగుల్లో వరసగా బొమ్మలు వేశాడు. చిరుతలూ, చిలకలూ. మీసాలు లెక్కపెట్టే ఓపిక ఆయనకెక్కడిది? తడి రంగు ఆరకముందే దాని మీద ఇంకో రంగు! కుంచె అంత తొందరగా నడిస్తేనే మృగం కదలిక చిక్కేది.

మనవాళ్లేం తక్కువ తిన్నారా? సుమారు 2వ శతాబ్దంలో మన అమరావతి శిల్పి బుద్ధుడి కథలోని నాళగిరి ఏనుగును చెక్కాడు కదా. ఇప్పుడది చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. ఒకే గుండ్రటి పలకలో ఏనుగు రెండుసార్లు! ఒకచోట జనం మీద పడుతుంది, పక్కనే బుద్ధుడి ముందు మోకరిల్లుతుంది. ఏనుగు కుదురుగా లేదని ఆయనేం బాధపడలేదు. కదిలిన ఏనుగునే కదిలినట్టు చెక్కేశాడు. మీరు చెన్నై వెళ్లి చీరలు కొనుక్కుని వచ్చేస్తారు, ఎగ్మూరు వెళ్లరు. ఏం మనుషులండీ!

ఇక ఒంగోలు గిత్త. తెల్లగా ఉంటుందంటారు. ఎక్కడండీ తెలుపు? తల, మెడ, మూపురం ముదురు బూడిద. కళ్ల చుట్టూ కాటుక పెట్టినట్టు నలుపు. పొద్దుటెండలో వెన్ను పసుపు, మూపురం నీడ పడ్డచోట నీలం. అదే గిత్తను మిరపకాయలు ఆరబోసిన కళ్లం పక్కన కట్టేయండి. కాయల మీద పడ్డ ఎండ పొట్ట కింద ఎర్రజీరై తేలుతుంది! ఒట్టి తెల్లరంగు పూస్తే అది గిత్త బొమ్మెలా అవుతుంది?

బ్రెజిల్ వాళ్లు ఈ జాతినే పట్టుకెళ్లి, నెలోర్ అని పేరుపెట్టి మందలకు మందలు పెంచుకుంటున్నారు. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది మరి.

వాళ్లు అంత దూరం పట్టుకెళ్లారు, మనకేమో గుంటూరు పక్కనే లాం ఫారం. అక్కడ ఒంగోలు పశువులున్నాయి, మిరప పరిశోధనా ఉంది. బొమ్మలేసే కుర్రాళ్లు ఇంకెక్కడికో పోతారెందుకు? మాఘ ఫాల్గుణాల్లో ఏ పల్లెలో అడిగినా కళ్లం చూపిస్తారు, గిత్తనూ చూపిస్తారు. స్లేఫోగ్ట్‌కు కటకటాలు అడ్డం. మీకేం అడ్డం? పొద్దున్నే వెళ్లండి, ఎండ నడినెత్తికొస్తే ఆ నీలం నీడ పోతుంది. ముక్కుకు తువ్వాలు మాత్రం కట్టుకోండి. ఘాటుకు మీరు తుమ్మితే గిత్త బెదురుతుంది.