న్యాసాన్ని అప్పగించిన చేతులు

మంజీరా జలాలను నిజాంసాగర్ కాలువలు మోసుకొచ్చిన సీమలో, బోధన్ నుండి బాన్సువాడకు సాగే దారిలో రుద్రూర్ ఉంది. అక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రం వరికి, చెఱకుకు ప్రసిద్ధం. ఇటువంటి సంస్థలున్న ఊళ్లకు పదవీవిరమణ సభలు సుపరిచితాలే. పూలమాల వేస్తారు, శాలువా కప్పుతారు, నాలుగు మంచి మాటలు చెబుతారు. సభ ముగిశాక విరమించినవాడు ఇంటికి వెళతాడు, మరునాడు ఆ ఆసనంలో మరొకరు కూర్చుంటారు. అయితే ఆ మనిషి నిజంగా విడిచినదేమిటి? ఆయన వెంట వెళ్లినదేమిటి?

భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయం సన్న్యాసానికి, త్యాగానికి గల భేదంతోనే ఆరంభమవుతుంది. కర్మను వదలడం ఒకటి, కర్మఫలాన్ని వదలడం మరొకటి. పదవీవిరమణ మనిషి చేతిలోని అధికారాన్ని మాత్రమే తీసివేస్తుంది. కర్మపట్ల శ్రద్ధను, ఫలంపట్ల మమకారాన్ని తీసివేయగలిగినది ఆ మనిషి మాత్రమే. ఈ భేదాన్ని తన జీవితంలో చూపిన ఒక మహనీయుడు రుద్రూర్ ఒకనాడు అంతర్భాగంగా ఉన్న హైదరాబాదు సంస్థానంలోనే పనిచేశారు. ఆయన పేరు గులాం యజ్దానీ.

1885లో ఢిల్లీలో జన్మించిన యజ్దానీ అరబ్బీ, పారసీక భాషాపండితులు. 1914లో హైదరాబాదు సంస్థానం పురావస్తు శాఖను నెలకొల్పినప్పుడు దానికి తొలి అధిపతి అయ్యారు. 1943లో విరమించే వరకు ఇరవైతొమ్మిది సంవత్సరాలు ఆ బాధ్యతను వహించారు. అజంతా, ఎల్లోరా గుహలు, బీదరు కోటగోడలు, పాలంపేట రామప్ప దేవాలయం ఆ శాఖ సంరక్షణలోనివే. బౌద్ధుల విహారాలు, శైవుల ఆలయాలు, జైనుల గుహలు, సుల్తానుల సమాధులు ఒక్కరి చేతికి అప్పగింతగా వచ్చాయి. వాటిలో అధికభాగం ఆయన స్వధర్మానికి చెందినవి కావు. ఆయన వాటి ఉపాసకుడు కారు, రక్షకుడు మాత్రమే.

అజంతా చిత్రాల స్థితి అప్పటికే దయనీయం. శిల మీద మట్టి, ఊక, గడ్డిపోచలు కలిపిన పూత వేసి, దానిపై సన్నని సున్నపు పొర పరచి, ఖనిజవర్ణాలతో లిఖించిన చిత్రాలవి. శతాబ్దాల తేమ, కీటకాలు, గబ్బిలాలు ఆ పూతను శిల నుండి వేరుచేస్తూ వచ్చాయి. పంతొమ్మిదవ శతాబ్దిలో ప్రతికృతులు గీసినవారు రంగులు స్పష్టంగా కనబడాలని పూసిన వార్నిష్ కూడా హాని చేసింది. ఆ ప్రతికృతులలోనూ అనేకం ఇంగ్లండులో 1866, 1885 సంవత్సరాల అగ్నిప్రమాదాలలో భస్మమయ్యాయి. గోడమీది మూలం శిథిలమవుతున్నది, దాని ఛాయ దగ్ధమైపోయింది. మిగిలినదాన్ని నిలుపుకోవడమే తక్షణ కర్తవ్యమైంది.

1920లో ఇటలీ నుండి చెక్కోనీ, ఓర్సినీ అనే ఇద్దరు నిపుణులను సంస్థానం రప్పించింది. రెండు సంవత్సరాల పాటు వారు ఊడుతున్న పూతను శిలకు అంటించారు, విరిగిన అంచులను బిగించారు, మాలిన్యాన్ని తొలగించారు.

ఆస్తికులైన పాఠకులు ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గమనించాలి. ఆగమసంప్రదాయంలో భగ్నమైన మూలబింబానికి పూజ చేయరు. జీర్ణోద్ధారణ విధితో దేవతాసాన్నిధ్యాన్ని వేరొక బింబంలోనికి ఆవాహన చేస్తారు, పాతదాన్ని జలంలో విడుస్తారు. పురావస్తు శాస్త్రం దీనికి విపరీతంగా నడుస్తుంది. అది భగ్నాన్ని భగ్నంగానే కాపాడుతుంది, లేని చేతిని కల్పించదు, చెరిగిన ముఖాన్ని పూరించదు. మొదటి మార్గానికి సన్నిధి ముఖ్యం, రెండవ మార్గానికి సాక్ష్యం ముఖ్యం. రెండింటిలోనూ నిష్ఠ ఒక్కటే. తన ఇష్టాన్ని వస్తువుపై రుద్దకుండా, వస్తువు ఏమి కోరుతున్నదో వినడమే ఆ నిష్ఠ.

వరంగల్ సమీపంలోని పాలంపేట ఆలయం విషయంలోనూ ఆయన ఈ మార్గాన్నే అనుసరించారు. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు నిర్మించిన ఆ ఆలయపు శాసనం 1213 నాటిది. రుద్రుని పేరిటనే అక్కడి స్వామి రుద్రేశ్వరుడు. రుద్రూర్‌లో ఆ శబ్దం వినగానే భక్తునికి ఆ ఆలయం స్ఫురించవచ్చు, కాని అది నామసామ్యం వల్ల కలిగే స్మృతి మాత్రమే. చూరు కింద నల్లరాతి మదనికలు, నీటిపై తేలేంత తేలికైన ఇటుకలతో కట్టిన విమానం గల ఆ ఆలయంపై యజ్దానీ 1922లో ఒక ప్రత్యేక గ్రంథం వెలువరించారు. శతాబ్దం తరువాత, 2021లో, అది ప్రపంచ వారసత్వ స్థలమైంది. ఆ గుర్తింపు వెనుక నిలిచిన తొలి శ్రద్ధలలో ఆయనది ఒకటి.

రుద్రూర్‌కు సమీపంలోనే, బోధన్‌లో, దేవల్ మసీదు ఉంది. ఆలయస్తంభాలు, తుగ్లకు కాలపు శాసనం అక్కడ ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. అటువంటి కట్టడం ఎదుట నిలిచినవానికి ఒక వైపు క్రోధం, మరొక వైపు దాచివేయాలనే కోరిక కలుగుతాయి. ఉన్నదాన్ని ఉన్నట్టు చదివి లిఖించడం ఈ రెండింటికంటె కఠినమైన సత్యవ్రతం. పారసీక, అరబ్బీ శాసనాల పత్రికకు సంపాదకులైన యజ్దానీ ఆ వ్రతంలోనే జీవితాన్ని గడిపారు.

సన్మానపత్రాలలో చోటుచేసుకోని ఒక విషయం ఇక్కడ చెప్పక తప్పదు. ఆనాడు అజంతా చిత్రాలపై రక్షణార్థం పూసిన లక్క పూత కాలక్రమంలో పసుపుబారింది, వర్ణాలను మసకబార్చింది. తరువాతి తరాల రసాయన నిపుణులు దాన్ని శ్రమపడి తొలగించవలసి వచ్చింది. అయితే ఆనాటి సేవ వ్యర్థమా? కాదు. శిలకు అతికించిన పూత నిలవకపోతే, తరువాతివారికి శుభ్రపరచడానికి చిత్రమే మిగిలేది కాదు. అగ్నిని ధూమం ఆవరించినట్లు ప్రతి కర్మనూ ఏదో ఒక దోషం ఆవరించి ఉంటుందని గీతాచార్యుని బోధ. అందుచేత సహజకర్మను విడువరాదని దాని తాత్పర్యం. దోషాన్ని దాచి చేసే సన్మానం స్తుతి మాత్రమే అవుతుంది. దోషాన్నీ చెప్పి, అయినా శిరస్సు వంచితే అది కృతజ్ఞత అవుతుంది.

1943లో ఆయన పదవి ముగిసింది. కర్మ ముగియలేదు. అజంతా చిత్రాలపై ఆయన సంకల్పించిన నాలుగు భాగాల మహాగ్రంథంలో 1930, 1933 సంవత్సరాలలో వెలువడినవి రెండే. మూడవది 1946లో, నాలుగవది 1955లో వచ్చాయి. బీదరు చరిత్రపై గ్రంథం 1947లో వెలువడింది. దక్కను ప్రాచీన చరిత్రకు ఆయన సంపాదకత్వం వహించిన గ్రంథం 1960లో, డెబ్బై అయిదవ ఏట. 1959లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ పురస్కారమిచ్చింది. 1962లో ఆయన దేహం చాలించారు.

ఈ వ్యవధిలో జరిగిన మరొక విషయాన్ని తలచుకుంటే వైరాగ్యం దానంతటదే కలుగుతుంది. ఏ సంస్థానానికి ఆయన సేవచేశారో అది 1948లో భారతదేశంలో విలీనమైంది, 1956లో మూడు ముక్కలైంది. అజంతా బొంబాయి రాష్ట్రానికి, బీదరు మైసూరుకు, పాలంపేట, రుద్రూర్ ఆంధ్రప్రదేశ్‌కు చెందాయి. ఆయన ఆసనమే కాదు, ఆ ఆసనమున్న రాజ్యమే లేకుండా పోయింది. చిత్రాలు, శిల్పాలు మాత్రం ఉన్నచోటనే ఉన్నాయి. రక్షకుడు తనను యజమానిగా భావించుకొని ఉంటే ఆ విభజన ఆయనకు సర్వనాశంగా తోచేది. న్యాసధారిగా భావించుకున్నవానికి వస్తువు క్షేమంగా ఉన్నదా అన్నదే ప్రశ్న.

శకుంతలను పంపివేసిన తరువాత కణ్వమహర్షి మనస్సు తేటపడడాన్ని కాళిదాసు చిత్రించాడు. దుఃఖం ఉన్నది, కాని దాని అడుగున ఒక నిశ్చింత కూడా ఉన్నది. ఇతరుల సొత్తును ఇంతకాలం భద్రపరచి, తిరిగి అప్పగించినవాని నిశ్చింత అది. సుదీర్ఘకాలం ఒక కళాసంస్థను నడిపి తప్పుకునే ప్రతివారికీ కోరదగిన ఫలం ఇదే.

అటువంటివారిని గౌరవించడం ఎలా? శాలువా తప్పు కాదు, కాని అది చాలదు. మన ఊరి చెరువుగట్టుమీద ఒరిగిన వీరగల్లు, గుడి ప్రాకారంలో సున్నం కింద మరుగుపడిన శాసనం, నూనెరంగులు పూసి రూపురేఖలు చెరిపివేసిన పాత విగ్రహం, ఇవన్నీ మనకు అప్పగింతలే. వాటికి రంగు పూసే ముందు ఒక్క క్షణం ఆగి, ఇది మనది కాదు, మన చేతికి వచ్చినది మాత్రమే అని తలచినవాడు ఆ క్షణంలో యజ్దానీ పరంపరలోనివాడు అవుతాడు.

స్వస్తి.