కూర్చుండుటకు చోటు

అరువదియేండ్లు దాటినవారు పరదేశమునకు పోయినచో మొదట వెదకుకొనునది కూర్చుండుటకొక బల్లయు, దాని దాపున తెరచియున్న మఱుగుదొడ్డియు నని నా యనుభవము. ఇట్టి సంగతి పత్రికకు వ్రాయుటకు సిగ్గుపడవలెనని మా వియ్యపురాలుగారు హెచ్చరించిరి. సిగ్గుపడియే ఇన్నాళ్లు ఊరకుంటిమి. మన పట్టణములలో స్త్రీలు బయటికి పోయిన దినమున దాహమైనను నీరు త్రాగకుండుట ఆ సిగ్గు నేర్పిన విద్యయే గదా! కావున వ్రాయుచున్నాను.

2025వ సంవత్సరము ఏప్రిలు మాసమున కెనడా దేశములోని టొరాంటో నగరమునకు పోయి మా యమ్మాయి యింట ఆరు మాసములుంటిని. అమ్మాయియు అల్లుడుగారును ఉదయముననే ఉద్యోగములకు పోవుదురు. మూడేండ్ల మనుమని చేయి పట్టుకొని వీధి చివరనున్న తోటకు పోవుట నాకేర్పడిన పని. తోట చక్కనిదే. మేపుల్ చెట్లున్నవి, పచ్చిక యున్నది, పిల్లలకు ఊయెలలున్నవి. కాని పిల్లలకు కాపుగా వచ్చిన ముసలివారికి ఊయెలల చెంత ఒక్క బల్లయు లేదు. ఉన్న రెండు బల్లలును తోటకు ఆ కొననున్నవి. వానిపై కూర్చున్నచో పిల్లవాడు కంటికానడు. మఱుగుదొడ్డికి తాళము వేసియుండెను. చలికాలమున గొట్టములలో నీరు గడ్డకట్టి అవి పగులును గనుక, తోటలలోని మఱుగుదొడ్లను పెక్కింటిని చలి మొదలైనప్పుడు మూసి, వసంతము ముదిరినపిమ్మట తెరచుట ఆ నగరమున చిరకాలపు ఆచారము. 2020లో మహమ్మారి వచ్చిన నాటినుండి మఱికొన్నిటిని చలికాలమందును తెరచియుంచుచున్నారు. మా తోటలోనిది ఆ కొన్నిటిలో చేరలేదు.

నాకు మధుమేహమున్నది. ఒకనాడు రెండు వీధుల కవతలనున్న కాఫీ యంగడికి మనుమని చంకనెత్తుకొని పరుగున పోతిని. అచ్చట ఏదైన కొన్నవారికే తాళపుచెవి యిత్తురట. నా చేత డబ్బు లేదు. ముప్పదియేండ్లు ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పినదానను, ఆ క్షణమున ఇంగ్లీషు మాట యొక్కటియు నోటికి రాలేదు. తరువాత జరిగినది వ్రాయను. ఇంటికి వచ్చి చీర మార్చుకొని, అమ్మాయికి చెప్పక, మూడు వారములు గడప దాటలేదు. పిల్లవాడు బూట్లు చేత పట్టుకొని తలుపు దగ్గర నిలిచి "అమ్మమ్మా, పార్కు" అనును. బయట చలిగా నున్నదని అబద్ధమాడుచుంటిని. మే మాసమున తాళము తీసిరని తెలిసినపిమ్మటనే మఱల పోవ మొదలిడితిని.

జూలైలో విన్నిపెగ్ నగరమునుండి మా మేనల్లుడు మమ్ము పిలిచెను. అతడు నన్నొక నాలుగురోడ్ల కూడలికి తీసికొనిపోయి, "అత్తయ్యా, ఇక్కడ రోడ్డు దాటుదాం రండి" అనెను. రోడ్డు దాటుటలో వింత యేమున్నదని నవ్వితిని. ఆ కూడలి పేరు పోర్టేజ్ అండ్ మెయిన్. నగరపాలకులు చుట్టునున్న భవనముల యజమానులతో నలువదియేండ్ల ఒడంబడిక చేసికొని, నేలక్రింద నడవ కట్టించి, 1979లో పైన పాదచారులు దాటరాకుండ సిమెంటు గోడలడ్డము పెట్టించిరి. పైన మోటారులు నిరాటంకముగ పోవలెను. మనుష్యులు క్రిందికి దిగి అంగళ్ల ముందుగా నడచిపోవలెను. చక్రముల కుర్చీలో తిరుగువారికి ఎదుటి మూలకు పోవుట ఒక యాత్ర యయ్యెను. 2018 అక్టోబరులో తెరువవలెనా వలదా యని పౌరుల నడుగగా, నూటికి అరువదియైదుగురు వలదనిరి. వారందరు కఠినులని నేననను. బస్సులకును బండ్లకును ఆలస్యమగునను భయము, మంచుగాలిలో నడచువారికి ప్రమాదమగునను భయము, రెండును నిజమైన భయములే. అటుపిమ్మట నేలక్రింది నడవకు నీరు చొరకుండ వేసిన పొర పాడైనది. దానిని బాగుచేయవలెనన్న 7 కోట్ల 30 లక్షల డాలర్లు కావలెనని లెక్క తేలెను. అప్పుడు, 2024 మార్చిలో, కూడలిని తెరచుటకే నగరసభ తీర్మానించెను. 2025 జూన్ 27వ తేదీన మనుష్యులు మఱల ఆ వీధిని కాలినడకన దాటిరి. నీతికి లొంగని గోడలు నీటికి లొంగినవన్నమాట. మేము పోవునప్పటికి తెరచి నెలయైనను కాలేదు. మా ముందొక ముసలి దంపతులు అటు దాటి, వెంటనే ఇటు దాటి, మఱల అటు దాటుచుండిరి. వారికి ఆవలివైపున పనియేమియు నున్నట్లు లేదు.

ఆ రాత్రి అమ్మాయికి ఏప్రిలునాటి సంగతి చెప్పితిని. అది కొంతసేపు మాటలాడలేదు. తరువాత, మన తోటను బాగుచేయుటకు నగరమువారు సెప్టెంబరులో సభ పెట్టుచున్నారని గేటువద్ద ప్రకటన చూచితిననియు, మనమిద్దరము పోవుదమనియు చెప్పినది. సభలెందుకు, మన డబ్బుతోనే ఒక బల్ల చేయించి ఊయెలల దగ్గర వేయరాదా యని అల్లుడుగారి నడిగితిని. ఆయన నవ్వి ఆ నగరమందే 2017లో జరిగిన కథ చెప్పిరి. టామ్ రైలీ అను తోటలో జారుడు గట్టున్నది, జనులు జారిపడుచుండిరి. మెట్లు కట్టుటకు 65 వేలనుండి లక్షన్నర డాలర్ల వరకు అగునని నగరమువారనిరి. పనినుండి విరమించిన మెకానిక్కొకడు విసిగి, 550 డాలర్లతో తానే కఱ్ఱమెట్లు కట్టెను. అవి నిబంధనలకు సరిపోవని నగరమువారు ఊడబెరికించి, సుమారు 10 వేల డాలర్లతో సిమెంటు మెట్లు వేయించిరి. ఈ కథలో ఎవరు గెలిచిరో నేను తేల్చుకొనలేకపోతిని. కఱ్ఱమెట్లకు పునాది లేదనుట నిజమే గావచ్చును. లక్షన్నర పదివేలైనది ఆ కఱ్ఱమెట్లు చూచిన తరువాతనే యనుటయు నిజమే.

దానికంటె నాకు ధైర్యము కలిగించినది థార్న్‌క్లిఫ్ పార్కు. అది టొరాంటోలో ఎత్తైన అద్దెయిండ్ల పేట. హిందూదేశము, పాకిస్థానము, ఆఫ్గనిస్థానము మొదలైన దేశములనుండి వచ్చినవారు ఒకరిపై నొకరుగా కాపురముందురు. ఆ పేటనడుమ ఆర్. వి. బర్జెస్ అను చిన్న తోట యున్నది. విరిగిన ఊయెలలు, చెత్త, కూర్చుండుటకు చోటు లేమి, ఇవి చూచి ఆ యిండ్ల తల్లులు 2008లో ఒక మహిళా సంఘముగా నేర్పడిరి. వారిలో పెక్కురకు ఆ దేశపు చట్టములు క్రొత్త, భాషయు క్రొత్తయే. ఊయెలలు అడిగిరి, బల్లలడిగిరి. శుక్రవారపు సంత పెట్టిరి. ఇంటిలో కుట్టిన బట్టలును వండిన పిండివంటలును అమ్ముకొనుటకు ఒక్కొక్కదానికి ఒక్కొక్క అనుమతిపత్రము కావలసివచ్చెను, తెచ్చుకొనిరి. 2013లో ఆ తోటలో తందూరు పొయ్యి వెలసినది. ఉద్యానమందు తందూరు పొయ్యి యనగా ఏ నిబంధన గ్రంథములో వెదకవలెనో నగరోద్యోగులకు తోచియుండదు.

అమ్మాయి నన్నొక శుక్రవారమచ్చటికి తీసికొనిపోయినది. పొయ్యిలోనుండి తీసిన రొట్టె కాగితములో చుట్టి యిచ్చిరి. ప్రక్కన కూర్చున్నామె పెషావరు ప్రాంతమువారట; ఆమె ఉర్దూ, నేను పాఠశాలలో నేర్చిన హిందీ. ఆమె తన మోకాళ్ల సంగతి చెప్పినది, నేను నా మధుమేహము సంగతి చెప్పితిని. ఒక గంట గడచినదని తెలియలేదు. సోదరీమణులారా, ఉపన్యాసములలో విశ్వమానవ సౌభ్రాత్రము అనుమాట పలుమారులు వింటిని. దానికొక బల్లయు కొంత నీడయు కావలెనని ఏ వక్తయు చెప్పలేదు.

సెప్టెంబరు సభ గ్రంథాలయములోని గదిలో జరిగెను. ముందుగా అధ్యక్షురాలు ఆ భూమి మొదట మిసిసాగా మొదలైన ఆదిమ జాతులవారిదని చదివెను. సభాప్రారంభమున అట్లు చదువుట ఇప్పుడచ్చట మర్యాద. చెప్పుకొనుటకును తిరిగి యిచ్చుటకును ఎంత దూరమో అడుగుటకది సమయము కాదు. గోడలకు పటములు వ్రేలాడదీసి, మాకు తలకు మూడు ఆకుపచ్చ కాగితపు చుక్కలిచ్చిరి. కావలసిన దానిపై అంటింపవలెను. నా ప్రక్కనున్న వృద్ధుడు, తాను విద్యార్థిగా నున్నప్పుడు నగరము నడుమనుండి వేయనున్న స్పడైనా రాచబాటకు అడ్డుపడిన గుంపులో నుంటిననియు, జేన్ జేకబ్స్ పండితురాలిని కంటితో చూచితిననియు, 1971లో ప్రభుత్వము దానిని ఆపించెననియు పిల్లవానివలె సంతోషముతో చెప్పెను. ఆయనయు మూడు చుక్కలతోనే కూర్చుండెను.

ఊయెలల దగ్గర బల్లలనగానే నా యీడు గల ఒక తెల్లజాతి స్త్రీ లేచినది. బల్లలు వేసినచో రాత్రులందు ఇండ్లులేనివారు పండుకొందురనియు, ఒకసారి తన మనుమడు ఇసుకలో సూది యెత్తితెచ్చెననియు చెప్పినది. ఆమె గొంతు వణకినది. ఒక యువకుడు లేచి, 2021లో మూడు తోటలనుండి గుడారములవారిని పోలీసులచేత వెళ్లగొట్టించిన సంగతియు, ఆ పనిలో తొందరయే గాని దయ లేకపోయెనని నగరపు విచారణాధికారి 2023లో వ్రాసిన నివేదికయు జ్ఞాపకముచేసి, "వాళ్లు అప్పుడెక్కడికి పోయారో మనలో ఎవరికైనా తెలుసా?" అని యడిగెను. ఎవరును చెప్పలేదు.

"అమ్మా, నువ్వూ మాట్లాడు" అని అమ్మాయి మోచేతితో పొడిచినది. లేచి, తప్పులతడక ఇంగ్లీషులో, మూసిన తలుపు సంగతి యంతయు చెప్పితిని. మీకు చెప్పక దాచినదియు అచ్చట చెప్పితిని. ఎవరును నవ్వలేదు. కాని బల్ల సంగతి యెత్తలేక కూర్చుంటిని. కారణమిది.

పెద్దాపురములో మా యిల్లు మా మామగారి నాటిది. వీధివైపున పొడవైన అరుగులున్నవి. కొన్నియేండ్ల క్రిందట అరుగులపై కుఱ్ఱవాండ్రు చేరి పేకాడుచున్నారనియు, చుట్టపీకలు పారవేయుచున్నారనియు నేనే తాపీమేస్త్రిని పిలిపించి, జానకొకటిగా మొనదేలిన ఇనుపచువ్వలు పాతించితిని. కుఱ్ఱవాండ్రు వేఱొక అరుగు చూచుకొనిరి. మధ్యాహ్నపు టెండలో గాజుల మలారము దించి, మా అరుగుమీద కాసేపు కన్నుమూయు ముసలివాడొకడుండెను. చువ్వలు పెట్టిన మఱునాడు అతడు వచ్చి, అరుగువంక చూచి, మలారము భుజముననే యుంచుకొని ఎదుటి గోడ నానుకొని నిలుచుండెను. కిటికీలోనుండి చూచితిని. పిలిచి లోపల కూర్చుండుమనవచ్చును, పిలువలేదు. తరువాత అతడు మా వీధికి రాలేదు. గ్రంథాలయపు గదిలో ఆ స్త్రీ పలికిన ప్రతి మాటయు నేను మేస్త్రితో పలికినదే; ఆమెకు సూది కారణముండెను, నాకది కూడ లేదు.

రెండు చుక్కలు మఱుగుదొడ్డి పటముమీద అంటించితిని. మూడవది శాలువకు అంటుకొని ఇంటికి వచ్చినది.

అక్టోబరులో స్వదేశము చేరి, అదే మేస్త్రిని పిలిపించి చువ్వలు కోయించితిని. "అప్పుడే చెప్పానండీ" అనెను గాని అప్పుడతడేమియు చెప్పలేదు. మొదటి వారము అరుగుమీద ఒక కుక్క తప్ప ఎవరును చేరలేదు. ఇప్పుడు కుఱ్ఱవాండ్రు మఱల వచ్చుచున్నారు; చుట్టపీకలు నేనే ఊడ్చుచున్నాను. గాజులవాని నెఱిగినవారెవరును కనబడలేదు.

నిన్న అమ్మాయి ఫోనులో మాటలాడినది. మఱుగుదొడ్డి సంగతి ఇంకను ఆలోచనలో నున్నదట. ఊయెలల దగ్గరకు మాత్రము బల్ల వచ్చినదట. నడుమ ఒక ఇనుపకమ్మీ యున్నదట. ముసలివారు పట్టుకొని లేచుటకని నగరమువారనిరట; ఎవరును పండుకొనకుండుటకని ఆ సభనాటి యువకుడు కమ్మీ తీయింపుమని అర్జీ వ్రాసి సంతకములు ప్రోగుచేయుచున్నాడట. రెండును నిజమే గావలెను. "అమ్మా, కూర్చునేదానివి నువ్వు. ఆ కమ్మీ నీకు కావాలా, వద్దా?" అని అడిగినది. నా మోకాళ్లు కావలెననుచున్నవి. నేనింకను బదులు చెప్పలేదు.