భుజం మీద పిల్లి పుట్టిన ఊరు

గ్రెనోబుల్ వెళ్తున్నానంటే మా వాళ్ళంతా మంచుకొండల కోసం అనుకున్నారు. అరవై దాటాక నాకు మంచు మీద జారుడాటలేమిటండీ! మా అన్నయ్య కూతురు అక్కడ ఇంజనీరింగు చదువుతోంది, దాన్ని చూసి రావడం ఒక పని. రెండోది చెబితే మీరు నవ్వుతారు. ఒక కెమెరా పుట్టిన వీధిని చూడాలని!

అసలు కథ మద్రాసులో మొదలైంది. 1983లో నేనక్కడ వేషాల కోసం తిరిగేవాణ్ణి. తిరగ్గా తిరగ్గా ఓ సినిమాలో పోస్ట్‌మేన్ వేషం దొరికింది. ‘‘అమ్మా, మీ అబ్బాయి దగ్గర్నుంచి మనియార్డరు!’’ – ఇంతే డైలాగు. షూటింగు గోదావరి ఒడ్డున. ‘స్టార్ట్’ అనగానే కెమెరా కుట్టుమిషన్‌లా టకటకమని అందుకుంది. అసిస్టెంటు కుర్రాడు దాని మీద రజాయి కప్పాడు. అయినా ఆ చప్పుడు ఆగితేనా! ‘‘ఫర్వాలేదు, డబ్బింగులో చూసుకుందాం’’ అన్నారు. డబ్బింగుకి నన్ను పిలవలేదు. సినిమా తణుకులో ఆడినప్పుడు మా అమ్మ పక్కింటి వాళ్ళందర్నీ వెంటేసుకుని వెళ్ళింది. ఇంటికొచ్చి, ‘‘మొహం మావాడిదేగానీ గొంతు ఎవడిదో!’’ అంది. ఆ మాట నా చెవిలో ఇప్పటికీ ఉంది.

సరే, ప్రయాణానికొద్దాం. పారిస్‌లో గార్ ద లియోన్ స్టేషన్లో రైలెక్కితే సుమారు మూడు గంటల్లో గ్రెనోబుల్. ఊరు మాత్రం పళ్ళెంలా చదును. చుట్టూ వెర్కోర్, షార్త్రూజ్, బెల్డోన్ – మూడు పర్వత శ్రేణులు. ఏ వీధిలో నిలబడ్డా చివర కొండ కనపడాల్సిందే. ఇజేర్ నది మీదుగా బాస్తీ కోటకు గాజు బుడగల్లాంటి గదులు తీగ మీద వేలాడుతూ వెళ్తాయి. ఈ రోప్‌వే 1934 నాటిది. మా అమ్మాయి బలవంతాన ఎక్కించింది. కళ్ళు మూసుకునే ఎక్కాననుకోండి! 1968లో చలికాలపు ఒలింపిక్సు జరిగింది ఇక్కడే. వాటి మీద క్లోద్ లెలూష్, ఫ్రాంసువా రీషెన్‌బాక్ కలిసి ఓ డాక్యుమెంటరీ తీశారు కూడా.

ఇక మన హీరో జాన్-పియెర్ బోవియాలా. 1937లో పుట్టాడు. గ్రెనోబుల్ యూనివర్సిటీలో ఎలక్ట్రానిక్స్ మేష్టారు. సినిమా మనిషి కాదు, కానీ సినిమా పిచ్చి! 1960లలో తన నగరం మీద సినిమా తీద్దామనుకున్నాడు. తీరా చూస్తే కెమెరాకీ, టేప్ రికార్డరుకీ మధ్య వైరు. ఆవుని గుంజకి కట్టినట్టు కెమెరామన్‌ని సౌండుమనిషికి కట్టేశారన్నమాట. ఇదేం పద్ధతని ఆయన కెమెరా మోటారుకి క్వార్ట్జ్ స్ఫటికాన్ని జతచేశాడు. చేతి గడియారంలో ఉండేలాంటిదే. కెమెరా, రికార్డరు దేని వేగాన్ని అది తప్పకుండా పాటిస్తే మధ్యలో వైరెందుకు?

అంతటితో సరిపోలేదు. చప్పుడు మిగిలింది. ఫిల్ము కెమెరా ఎందుకంత గోల చేసేదో ఈ తరానికి తెలియదు. కెమెరాలో ఒక కొక్కెం ఉంటుంది. అది ఫిల్మును సెకనుకి 24 సార్లు లాగి, ఆపి, మళ్ళీ లాగాలి. ప్రతి లాగుడుకీ ఓ ‘టక్’. పైగా వదులుగా ఉన్న ఫిల్ము చీరకొంగులా పటపటలాడుతుంది. స్టూడియోలో అయితే కెమెరాని పెద్ద పెట్టెలో బంధించి నోరు మూయించేవారు. ఆ పెట్టె మోయడానికి మనుషులు కావాలి! బజార్లోకి దిగి తీసేవాళ్ళకి అది కుదరదు. 1960లో వచ్చిన గొదార్ ‘బ్రెత్‌లెస్’ ఉంది చూశారూ, పారిస్ వీధుల్లో చేత్తో పట్టుకుని తీశారని మనం మురిసిపోతామే, అదంతా తర్వాత డబ్బింగు చేసిందే. కామెఫ్లెక్స్ కెమెరా గోల అలాంటిది.

కామెఫ్లెక్స్ చేసిన ఎక్లేర్ కంపెనీలోనే బోవియాలా ఇంజనీరుగా పనిచేశాడు. జేమ్స్ బాండ్ సినిమాల నిర్మాత హ్యారీ సాల్ట్‌జ్‌మన్ ఆ కంపెనీని కొన్నాక, ఈయన గ్రెనోబుల్‌లోనే ఉండి 1971లో ఆటన్ అనే సొంత కంపెనీ పెట్టాడు. పెట్టెలో మూసే పని లేకుండా యంత్రమే మెల్లగా నడవాలనీ, భుజానికి అమరాలనీ ఆయన పట్టు. దానికి ఆయన పెట్టిన పేరే ‘భుజం మీద పిల్లి’. పిల్లి బరువూ తెలియదు, అడుగుల చప్పుడూ వినపడదు! పట్టుకోడానికి చెక్క పిడి. డాక్యుమెంటరీలు తీసేవాళ్ళు దాన్ని వదల్లేదు. ఇరాక్ యుద్ధం మీద వచ్చిన ‘ది హర్ట్ లాకర్’లోనూ ఆటన్ కెమెరాలే వాడారు.

1970లలో గొదార్ కొన్నాళ్ళు గ్రెనోబుల్‌లోనే కాపురం పెట్టాడు. కారు ముందు అరలో పట్టేంత చిన్న 35 ఎం.ఎం. కెమెరా చేసిపెట్టమన్నాడు. బోవియాలా చేశాడు. ఆపైన ఇద్దరూ కీచులాడుకున్నారు. ఆ సంభాషణ 1983లో ఫ్రెంచి సినిమా పత్రికలో అచ్చయింది కూడా. సరిగ్గా నేను గోదావరి ఒడ్డున గొంతు పోగొట్టుకున్న ఏడాది!

రూ ద లా పే. సన్నటి వీధి. కార్ఖానా ఊరి చివర కాకుండా నడిబొడ్డున, దుకాణాల మధ్య పెట్టాడాయన. నేను వెళ్ళేసరికి అక్కడేముంది? ఏమీ లేదు. ‘పెనెలపీ డెల్టా’ అనే డిజిటల్ కెమెరా దగ్గర కంపెనీ కుప్పకూలి, 2013లో చేతులు మారింది. ఆయన 2019లో పోయాడు. ఒక ముసలాయన కుక్కని నడిపించుకుంటూ వెళ్తున్నాడు. అంతే.

‘‘దీనికోసమా బాబాయ్ ఇంతదూరం! ఇప్పుడు కెమెరాలకి చప్పుడే లేదుగా’’ అంది మా అమ్మాయి.

ఎందుకు లేదూ! డిజిటల్ కెమెరా వేడెక్కుతుంది, లోపల ఫ్యాను తిరుగుతుంది. దానికితోడు జనరేటరు, సెల్‌ఫోను, ‘ఆ లైటు జరుపు’ అనే కేక. కెమెరా నోరు మూసినా మనం మూయం! ‘లగాన్’ 2001లో, ‘పెళ్ళిచూపులు’ 2016లో లొకేషన్లో పట్టిన గొంతుతోనే వచ్చాయి. మనవాళ్ళకి చేతకాక కాదు. షార్ట్ ఫిల్ములు తీసే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఒక్కసారి బోవియాలాలా పంతం పట్టి చూడండి. షాటుకి ముందు ఒక్క నిమిషం అందర్నీ కదలకుండా నిలబెట్టి వినండి. ఎన్ని చప్పుళ్ళు వినిపిస్తాయో!

‘‘అయితే ఆ డైలాగు ఇప్పుడు చెప్పు’’ అని మా అమ్మాయి ఫోను ఎత్తింది. నడివీధిలో సిగ్గేసింది. అయినా చెప్పాను – ‘‘అమ్మా, మీ అబ్బాయి దగ్గర్నుంచి మనియార్డరు!’’ మధ్యలో ఎక్కడో ట్రాము గంట కొట్టింది. అదీ పడింది. తీసి మా అమ్మకి పంపింది. ఆవిడకి ఎనభై అయిదేళ్ళు, చూపు ఆనదు. మా అన్నయ్య ఫోను చెవి దగ్గర పెట్టాట్ట.

రాత్రి ఫోన్ చేసింది. ‘‘ఒరేయ్, ఆ చలిలో తిరక్కు. గొంతు బొంగురుపోయింది’’ అంది.