కొత్త కంప్యూటరా, ఇంకో ర్యామ్ స్టిక్కా?

డీటీపీ మీద నడిచే ఇల్లు మాది. 2024లో డెస్క్‌టాప్ మొరాయించసాగింది. ఇన్‌డిజైన్‌లో పుస్తకం, ఫోటోషాప్‌లో అట్ట, పక్కన బ్రౌజర్ తెరిస్తే చాలు, కొట్టిన అక్షరం తెర మీద పడేదాకా ఆగాల్సి వచ్చేది. "పాతబడిపోయిందక్కా, కొత్తది తీసుకోండి. 45 వేలు. నో కాస్ట్ ఈఎంఐ ఉంది" అన్నాడు రిపేరు చేసే అబ్బాయి.

నో కాస్ట్ అన్న మాటకు నేను లొంగను. వడ్డీని డిస్కౌంటుగా తగ్గించి చూపినా, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీని బ్యాంకు మన దగ్గరే వసూలు చేస్తుంది. చాలాచోట్ల ప్రాసెసింగ్ ఫీజు అదనం. అంతకన్నా పెద్ద చిక్కు నా రాబడిది. డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం ముందు చేతినిండా పని. ఎండాకాలం ఖాళీ. ఈఎంఐకి మాత్రం ఎండాకాలం ఉండదు.

అందుకే ముందు జబ్బేమిటో చూశాను. రోజూ చేసే పనులన్నీ తెరిచి ఉంచి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వచ్చింది. పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ 30 శాతం దాటడం లేదు. మెమరీ 95 శాతం! ర్యామ్ నిండిపోతే విండోస్ మిగతాది డిస్కు మీదకు నెడుతుంది. ఎస్ఎస్‌డీ అయినా ర్యామ్ వేగం అందుకోలేదు. కింద ఇంకో లైను: స్లాట్లు రెండు, వాడుతున్నది ఒకటి. అంటే కంప్యూటరు ముసలిదైపోలేదు, 8 జీబీ సరిపోవడం లేదు, అంతే.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో 8 జీబీ స్టిక్ సుమారు 1,800 అయింది. ఉన్నది డీడీఆర్4, 2666 వేగం. అదే అడిగి తీసుకున్నాను. డీడీఆర్3కీ డీడీఆర్5కీ గాటు వేరేచోట ఉంటుంది కాబట్టి ఈ స్లాట్‌లో దిగనే దిగవు. బిల్లు లేకుండా తగ్గిస్తామన్నారు, వద్దన్నాను. ఏళ్ల తరబడి వారంటీ ఇచ్చే వస్తువుకు బిల్లే ఆధారం. ఇంటికొచ్చి ప్లగ్ తీసి, పాత స్టిక్ బంగారు పళ్లను రబ్బరుతో తుడిచి, కొత్తది పక్క స్లాట్‌లో పెట్టి టక్కుమనేదాకా నొక్కాను. ఇప్పుడు అదే పనికి మెమరీ 60 శాతం దగ్గర ఆగుతోంది.

కట్టక్కర్లేకపోయిన ఈఎంఐలో వీలైనంత, 1,500, నెలనెలా ఆర్‌డీలో వేస్తున్నాను. ఎప్పటికైనా కొత్తది కొనక తప్పదు. అప్పుడు వడ్డీ నాకు రావాలి, నేను కట్టకూడదు.

2025 చివరికి ర్యామ్ ధరలు మండిపోయాయి. శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ తమ ఉత్పత్తిని ఏఐ డేటా సెంటర్ల వైపు మళ్లించాయి. మామూలు కొనుగోలుదారులకు అమ్మే తన క్రూషియల్ బ్రాండ్ వ్యాపారం మానేస్తున్నట్టు మైక్రాన్ డిసెంబరులో ప్రకటించింది. ఇప్పుడు కొనాలా అని తోటి డీటీపీ వాళ్లు అడుగుతున్నారు. మెమరీ 70 శాతం దగ్గరుంటే ధర ఇంకా పెరుగుతుందన్న భయంతో కొని పెట్టుకోవద్దంటాను. రోజూ 90 దాటుతూ, అన్నం పెట్టేది ఆ కంప్యూటరే అయితే ఈ ధరకైనా కొనమంటాను. సెకండ్ హ్యాండ్ అయినా నాకు అభ్యంతరం లేదు, ర్యామ్‌లో తిరిగి అరిగే భాగాలేవీ ఉండవు. కాకపోతే కొట్లోనే విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ పూర్తిగా నడిపించాలి, తప్పులేమీ లేవని తేలాకే డబ్బు ఇవ్వాలి.