స్పీకర్లో అమ్మకు జలుబు

వంకాయలు కొనాలంటే తొడిమ తిప్పి చూస్తాం. చీర కొనాలంటే వెలుతుర్లోకి తీసుకెళ్లి అంచు నలిపి చూస్తాం. పుచ్చకాయనైతే వేలితో కొట్టి చప్పుడు వింటాం. చిత్రమేమిటంటే, చప్పుడు కోసమే కొనే స్పీకర్లను మాత్రం సరిగ్గా వినకుండానే ఇంటికి తెచ్చేసుకుంటాం. ఎన్ని వాట్లు, ఎన్ని డబ్బాలు, ధరలో ఎంత తగ్గింపు... ఈ మూడూ తెలిస్తే బేరం కుదిరిపోయినట్టే!

మా ఇంట్లో మాత్రం ఈ వ్యవహారం అంత తేలిగ్గా తేలలేదు. కారణం మా నాన్న.

ఆయనకు 78 ఏళ్లు. కృష్ణా జిల్లాలో బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యారు. విజయవాడ ఆకాశవాణి భక్తిరంజనితో తెల్లవారే ఇల్లు మాది. చెక్క రేడియోలోంచి శ్రీరంగం గోపాలరత్నం గొంతు వినిపిస్తుంటే, నాన్న గడ్డం గీసుకుంటూ తల ఊపేవారు. అలాంటి మనిషి హైదరాబాద్‌లో మా దగ్గరికి వచ్చాక మెల్లమెల్లగా పాటలకు దూరమయ్యారు. టీవీ పెడితే ‘మాటలు తెలియట్లేదురా, ఉత్త మోత’ అనేవారు. వాల్యూమ్ పెంచితే ఇంకా చిరాకుపడి లేచి బాల్కనీలోకి వెళ్లిపోయేవారు. పాటలు మానేస్తే మానేశారు, మాతో కబుర్లూ తగ్గించేశారు. నన్ను భయపెట్టింది అదే.

చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. పరీక్ష చేసి ఓ గీతల కాగితం చేతికిచ్చారు. బొంగురు శబ్దాల దగ్గర గీత బాగానే ఉంది. సన్నని శబ్దాల వైపు వెళ్లేకొద్దీ జారుడుబల్లలా కిందికి దిగిపోయింది. మనిషి చెవి 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకూ వింటుంది. వయసు పెరిగేకొద్దీ పై అంచు నుంచి అరిగిపోతూ వస్తుంది. మన మాటల్లో అచ్చులకు బలం కింది స్థాయిలో ఉంటుంది. స, శ, త, ప లాంటి హల్లులను విడదీసి చెప్పే సన్నని ధ్వనులు ఎక్కువగా 2,000 హెర్ట్జ్‌కు పైనే ఉంటాయి. అందుకే నాన్నకు ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నారో తెలియదు. పైగా ‘దుమ్‌ దుమ్‌’ మనే బేస్ ఎక్కువైతే అది ఆ ఉన్న కాస్త సన్నని ధ్వనినీ కప్పేస్తుంది. వినికిడి యంత్రం రాసిచ్చిన డాక్టరు, ‘ఇంట్లో మోత తగ్గించి, స్పష్టత పెంచండి’ అని ఓ మాట జోడించారు.

దాంతో హాల్లోకి మంచి స్పీకర్లు కొనాలని తీర్మానించుకున్నాం. ఆంప్లిఫయర్‌తో కలిపి 30,000 రూపాయలు దాటకూడదన్నది నా లెక్క. సినిమా హాల్లోలా గుండెలదిరే సబ్‌ఊఫర్ ఉండాలన్నది మా అమ్మాయి పట్టు. ‘దుమ్ము తుడిచేదాన్ని నేను, నాకు అడ్డం రాకూడదు’ అన్నది మా ఆవిడ షరతు. నాన్నను ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

కొనబోయే ముందు కాస్త చదువుకున్నాను. మొదట పోయిన భ్రమ వాట్లది. ఆంప్లిఫయర్ వాట్లు రెట్టింపు చేస్తే శబ్దం పెరిగేది కేవలం 3 డెసిబెల్స్. చెవికి రెండింతలు అనిపించాలంటే దాదాపు పదింతల పవర్ కావాలి. అంటే 50 వాట్లకీ 100 వాట్లకీ ఇంట్లో కనిపించే తేడా స్వల్పమే. దానికన్నా ముందు చూడాల్సింది స్పీకర్ సెన్సిటివిటీ. ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎంత పలుకుతుందన్న అంకె అది. 85 పలికే దానికి రెండు వాట్లు ఇస్తే వచ్చే శబ్దం, 88 పలికేది ఒక్క వాట్‌తోనే ఇస్తుంది. ఒకప్పుడు డబ్బాల మీద వేల అంకెల్లో మెరిసిన ‘పీఎంపీవో’ వాట్లకైతే అందరూ ఒప్పుకున్న కొలతే లేదు.

రెండో సంగతి ఇంకా బాగా నచ్చింది. బ్రిటన్ రేడియో సంస్థ బీబీసీ ఇంజినీర్లు 1970ల్లో ఎల్‌ఎస్3/5ఎ అనే చిన్న స్పీకర్ తయారుచేశారు. ఎత్తు అడుగు మాత్రమే. బయటి కార్యక్రమాలను ప్రసారం చేసే ఇరుకు వ్యాన్లలో కూర్చుని వినడానికి ఉద్దేశించింది. అందులో వాళ్లు ముఖ్యంగా చూసుకున్నది మనిషి గొంతు. ఎందుకంటే వయొలిన్ అసలు ఎలా పలుకుతుందో అందరికీ తెలియకపోవచ్చు. మనిషి గొంతు తేడాగా ఉంటే మాత్రం ఎవరైనా ఇట్టే పట్టేస్తారు.

అది చదవగానే నాకో ఆలోచన వచ్చింది. నాన్నకు అందరికన్నా బాగా తెలిసిన గొంతు ఎవరిది? 52 ఏళ్లుగా వింటున్న అమ్మది! పడకగదిలో తలుపులేసి, ఫ్యాన్ ఆపి, అమ్మ మాటలు రెండు నిమిషాలు ఫోన్లో రికార్డు చేశాను. నాన్నను తీసుకుని కోఠి వెళ్లాను.

షాపు కుర్రాడు ఉత్సాహంగా ఓ డప్పుల పాట పెట్టాడు. అద్దాలు గలగలలాడాయి. ‘ఎలా ఉంది సార్?’ అన్నాడు. అది వాళ్లు బేరం కోసం దాచుకున్న పాట. ఏ స్పీకర్లో పెట్టినా అదరాల్సిందే. రెండు స్పీకర్లను పోల్చేటప్పుడు ఏది కొంచెం గట్టిగా మోగితే అదే మంచిదనిపిస్తుంది. అందుకని అన్నిటినీ ఒకే స్థాయిలో పెట్టించి, నా ఫోన్ కలపమన్నాను.

మొదటి జతలో అమ్మ గొంతు రాగానే నాన్న మొహం చిట్లించారు. ‘మీ అమ్మకి జలుబు చేసిందిరా’ అన్నారు. బేస్ ఉబ్బెత్తుగా ఉన్న స్పీకర్ అది. రెండోదాంట్లో ‘నూతిలోంచి పిలుస్తోంది’ అన్నారు. మూడోది చూడటానికి చిన్నది. అయిదంగుళాల ఊఫర్, పైన ఓ ట్వీటర్, అంతే. అందులోంచి అమ్మ, ‘ఏవండీ, బీపీ మాత్ర వేసుకున్నారా?’ అంది.

‘ఆఁ, వేసుకున్నా వేసుకున్నా’ అన్నారు నాన్న, చుట్టూ చూస్తూ.

కుర్రాడు నవ్వేశాడు. నేను డబ్బులు కట్టేశాను.

ఇంటికొచ్చాక గది తన పాఠం చెప్పింది. చూడటానికి బాగుంటాయని మా అమ్మాయి రెండిటినీ మూలల్లో పెట్టింది. అమ్మకు మళ్లీ జలుబు! మూలల్లో గోడలు బేస్‌ను పెంచేస్తాయి. 12 అడుగుల గదిలో 47 హెర్ట్జ్ దగ్గర ధ్వని రెండు గోడల మధ్యే ఊగుతూ ఉబ్బిపోతుంది. గోడకు అడుగున్నర ముందుకు జరిపాం. ట్వీటర్లు నాన్న కుర్చీలో కూర్చుంటే చెవి ఎత్తుకు వచ్చేలా స్టూళ్లు వేశాం. రెండు స్పీకర్లూ, కుర్చీ మూడూ సమదూరంలో ఉండేలా మా అమ్మాయి టేపు పట్టి కొలిచింది. టైల్స్ మీద ఓ జంపఖానా, కిటికీకి దళసరి కర్టెన్. పెద్ద ఖర్చేమీ లేకుండా గొంతు తేటపడింది. తాతయ్య తల ఊపడం చూశాక సబ్‌ఊఫర్‌ను దసరాకు వాయిదా వేసుకుంది.

పోయిన వినికిడిని ఏ స్పీకరూ తిరిగి తేలేదు. సగం పని వినికిడి యంత్రమే చేస్తోంది. కానీ ఇప్పుడు సాయంత్రాలు నాన్న బాల్కనీలోకి వెళ్లడం లేదు. ‘ఇది మోహన కాదే, బిలహరి’ అని మనవరాలితో వాదిస్తున్నారు. మాటలు వినపడటం మొదలయ్యాక మాట్లాడటమూ మొదలుపెట్టారు. ఇంటికి స్పీకర్లు కొనేటప్పుడు ఎక్కువ వాట్లు దేనివని కాదు, ఇంట్లో తక్కువ వినపడేది ఎవరికని ముందు అడగాలి. ఆ చెవికి నచ్చింది మిగతా అందరికీ నచ్చుతుంది.

ఒక్క అమ్మకే ఇంకా కోపం పోలేదు. ‘పక్కన నిలబడి పిలిస్తే పలకని మనిషి, డబ్బాలోంచి పిలిస్తే పలికారట!’ అంటూ వచ్చినవాళ్లందరికీ చెబుతోంది.