అత్తమ్మకు సముద్రం వైపు కిటికీ

మాది హనుమకొండ. సముద్రం చూడటానికి విశాఖ పోవాలంటే రాత్రంతా రైల్లో ఉండాలి. అందుకే మా ఇంట్లో విశాఖపట్నం పేరు ఎత్తినప్పుడల్లా మాట ఖర్చు దగ్గరికొచ్చి ఆగేది. మా అత్తమ్మకు అరవై ఎనిమిదేళ్ళు. తిరుపతి చూసింది, గోదావరి పుష్కరాలకు వెళ్ళొచ్చింది, సముద్రం మాత్రం చూడలేదు. మోకాళ్ళ నొప్పులున్నా ఆమె వద్దనడానికి కారణం అవి కావు. "అప్పు జేసి ఊళ్ళు తిరుగుడెందుకు బిడ్డా?" అనేది. ఆ మాటలో న్యాయం ఉంది. కాబట్టి అప్పు ఊసే లేకుండా వెళ్ళే దారి వెతకడం నా పనయింది.

ఐదుగురం, అంటే అత్తమ్మ, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మూడు రాత్రులుండి రావడానికి నేను వేసుకున్న అంచనా యాభై వేలు. ఆ డబ్బు తేవడానికి కళ్ళెదుట రెండు దారులున్నాయి. 15 శాతం వడ్డీకి పర్సనల్ లోన్ తీసుకుంటే ఏడాదిపాటు నెలకు దాదాపు 4,513 రూపాయలు కట్టాలి. మొత్తం 54 వేలు దాటుతుంది. ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం. అదే నెలకు 4,000 చొప్పున బ్యాంకులో ఏడాది ఆర్డీ (రికరింగ్ డిపాజిట్) కడితే, ఆరున్నర శాతం వడ్డీతో 49,700 దాకా చేతికొస్తుంది. నెల నెలా జేబులోంచి పోయేదాంట్లో పెద్ద తేడా లేదు. ఒకదాంట్లో ముందు తిరిగొచ్చి తర్వాత కడతాం, రెండోదాంట్లో ముందు కట్టి తర్వాత వెళతాం. కానీ ఒక దారిలో వడ్డీ మనం ఇస్తాం, ఇంకో దారిలో వడ్డీ మనకు వస్తుంది. ఫీజుతో కలిపి చూస్తే తేడా ఆరు వేల పైమాటే. ఈ ఆరు వేలు గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

క్రెడిట్ కార్డు సంగతి నేను అసలు ఆలోచించలేదు. గడువులోగా పూర్తిగా కట్టేస్తే కార్డు మంచిదే. మినిమం డ్యూ కట్టి మిగతాది వచ్చే నెలకు తోస్తే మాత్రం చాలా కార్డుల్లో నెలకు మూడున్నర శాతం దాకా వడ్డీ పడుతుంది. ఏడాదికి 42 శాతం. మా వీధిలో చిట్టీలు నడుస్తాయి. చిట్టీ ముందే ఎత్తుకుంటే అది పాట రూపంలో వడ్డీ కట్టే అప్పే కదా, అందుకే అదీ వద్దనుకున్నాను.

ఆఫీసులో ఒకరు, "ఆర్డీ ఎందుకు, మ్యూచువల్ ఫండ్ సిప్‌లో పెట్టు, ఎక్కువొస్తుంది" అన్నారు. లెక్క వేసి చూశాను. నెల నెలా కట్టే డబ్బు కాబట్టి ఏడాది మొత్తానికి సగటున పని చేసేది ఇరవై ఆరు వేలే. పన్నెండు శాతం వచ్చినా, ఆర్డీ కంటే నాకు అదనంగా మిగిలేది పధ్నాలుగు వందలు. ఆ పధ్నాలుగు వందల కోసం, సరిగ్గా టికెట్లు కొనాల్సిన వారంలో మార్కెట్ పడిపోయి ఉండే ప్రమాదం నెత్తిన పెట్టుకోవడం నాకు సబబనిపించలేదు. పిల్లల పై చదువుల డబ్బు సిప్‌లోనే ఉంది, అది పదేళ్ళ మాట. ఏడాదిలో ఖర్చయ్యే డబ్బుకు పెరగడం కంటే ఉండటం ముఖ్యం. పోస్టాఫీసు ఆర్డీ ఐదేళ్ళది, అది ఈ పనికి కుదరదు.

ఆర్డీ కట్టేవాళ్ళు ప్రయాణం తేదీని బట్టి గడువు పెట్టుకుంటారు. నేను టికెట్లు తెరిచే తేదీని బట్టి పెట్టాను. 2024 నవంబరు 1 నుంచి రైల్వే ముందస్తు రిజర్వేషన్‌ను 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించింది. మేం వెళ్ళింది ఫిబ్రవరి రెండో వారంలో. అంటే డిసెంబరు రెండో వారంలో, బుకింగ్ తెరుచుకునే ఉదయం ఎనిమిదింటికి ఖాతాలో డబ్బుండాలి. అందుకే ఆర్డీ నవంబరు ఆఖరుకే చేతికందేలా మొదలుపెట్టాను. వచ్చిన మొత్తాన్ని జీతం పడే ఖాతాలో కలపకుండా, వాడకంలో లేని ఇంకో ఖాతాలో వేసి దానికే యూపీఐ పెట్టుకున్నాను. విశాఖలో చాయ్ తాగినా, ఆటో ఎక్కినా, మిగిలిందెంతో ఫోన్‌లో వెంటనే కనిపించేది. ఇంటి ఖర్చుతో కలగాపులగం కాలేదు.

ఫిబ్రవరి ఎందుకంటారా? దసరా సెలవుల్లో పిల్లలకు వీలే, కానీ అక్టోబరు, నవంబరు ఆ తీరానికి తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఎలా ఛిన్నాభిన్నం చేసిపోయిందో అందరికీ తెలుసు. డిసెంబరు, జనవరిలో అరకు కోసం వచ్చేవాళ్ళతో గదుల ధరలు పైకెళతాయి. సంక్రాంతికి అటు వెళ్ళే రైళ్ళలో చోటు దొరకడం గగనం. ఎండాకాలంలో ఉక్కపోత పెద్దవాళ్ళకు పడదు. ఫిబ్రవరిలో ఎండ హాయిగా ఉంటుంది, చెమట తక్కువ. ఆదివారం సాయంత్రం బయల్దేరి వారం మధ్యలో ఉండి వస్తే గదులు వారాంతం కంటే చవగ్గా దొరుకుతాయి. పిల్లలకు బడి పోతుంది. చిన్న తరగతులు కాబట్టి ముందే బడిలో చెప్పి తీసుకెళ్ళాం. పదో తరగతి పిల్లలుంటే ఈ సలహా ఇవ్వను.

రైలు టికెట్లకు రాను పోను పదివేలు పక్కన పెట్టాను. సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి దిగే గోదావరి ఎక్స్‌ప్రెస్, థర్డ్ ఏసీ. వందేభారత్ త్వరగా చేరుస్తుంది, కానీ అందులో కూర్చునే పోవాలి. అత్తమ్మకు నడుం వాల్చే చోటు కావాలి. పెద్దవాళ్ళకు టికెట్‌లో ఇచ్చే రాయితీ 2020 మార్చి నుంచి లేదు, లోయర్ బెర్త్ కోటా మాత్రం ఉంది. నలభై ఐదేళ్ళు దాటిన ఆడవాళ్ళు, అరవై దాటిన మగవాళ్ళు ఒక్కరు గానీ ఇద్దరు గానీ ఉన్న టికెట్‌కే అది వర్తిస్తుంది. ఐదుగురికీ కలిపి ఒకే టికెట్ తీస్తే ఆ కోటా అడగలేం. అందుకని అత్తమ్మ టికెట్ విడిగా తీశాను, కింది బెర్త్ వచ్చింది. మా చిన్నదానికి ఏడేళ్ళు. ఐదు నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకు బెర్త్ వద్దంటే సగం ఛార్జీ, కావాలంటే పూర్తి ఛార్జీ. రాత్రి ప్రయాణం కదా, పూర్తి ఛార్జీ పెట్టి బెర్తే తీసుకున్నాం. పాత పన్ను విధానంలో ఉండి, జీతంలో ఎల్‌టీఏ (సెలవు ప్రయాణ భత్యం) ఉన్నవాళ్ళు ఈ టికెట్లు దాచుకోవాలి. మినహాయింపు దారి ఖర్చుకే, గదికీ తిండికీ రాదు.

గదుల దగ్గర చాలాసేపు ఆలోచించాను. బీచ్ రోడ్డులో సముద్రం వైపు గది రోజుకు 4,500, అదే హోటల్లో వెనక వైపు 2,500. ఐదుగురికి రెండు గదులు కావాలి. ఒకటి సముద్రం వైపు తీసుకునే బదులు రెండూ వెనకవైపే తీసుకుంటే ఆరు వేలు మిగులుతాయి. చాలామంది "గదిలో ఉండేది పడుకోవడానికే కదా" అంటారు. కాళ్ళు బాగున్నవాళ్ళకు అది నిజం. రోజులో సగం గదిలోనే ఉండే మనిషికి గదే ఊరు. అత్తమ్మకు ఒక్క గది సముద్రం వైపు తీసుకున్నాను, ఇంకొకటి వెనకవైపు. మూడు రాత్రులకు 21 వేలు. 2025 సెప్టెంబరు 22 నుంచి 7,500 లోపు గదులకు జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది కాబట్టి మొత్తం 22,050 అయింది. పన్నుతో కలిపి ఆ కిటికీ ఖరీదు 6,300. లోన్ తీసుకుని ఉంటే కట్టే వడ్డీ, ఫీజు, రాకుండా పోయే ఆర్డీ వడ్డీ కలిపి పోయేదీ దాదాపు అంతే.

అరకు విషయంలోనూ ఇలాగే తేల్చుకున్నాం. ఐదుగురం కారు మాట్లాడుకుని బొర్రా గుహలు, అరకు ఒక్కరోజులో చుట్టేస్తే ఖర్చు ఎక్కువ, అలసట అంతకంటే ఎక్కువ. బొర్రా గుహల్లో మెట్లు అత్తమ్మ వల్ల కాదు. మా ఆయన, పిల్లలు తెల్లవారుజామునే లేచి కిరండూల్ రైలు ఎక్కారు, సొరంగాలు చూసుకుంటూ అరకు చేరి, ఆర్టీసీ బస్సులో తిరిగొచ్చారు. నేనూ అత్తమ్మా ఉండిపోయాం. మర్నాడు పిల్లలు కురుసుర జలాంతర్గామి లోపలికి వెళ్ళినప్పుడు కూడా ఆమె బయట నీడలో కూర్చుంది. సింహాచలం మాత్రం వదల్లేదు. కొండపైకి వాహనం వెళుతుంది కాబట్టి ఒక్క పూటకు కారు మాట్లాడుకున్నాం. అందరూ అన్నీ చూడాలన్న పట్టింపు వదిలేస్తే ఖర్చు దానంతటదే తగ్గుతుంది.

రామకృష్ణా బీచ్‌లో స్నానాలకు దిగకూడదు, అలలు లోపలికి గుంజుతాయి. అంచున నిలబడ్డాం. మొదటి అల వచ్చి వెనక్కి పోతుంటే మడమల కింద ఇసుక జారేసరికి అత్తమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. కాసేపటికి అలవాటై చీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపి ఇంకో అడుగు ముందుకేసింది. తర్వాత మురీ మిక్చర్ తింటూ అడిగింది: "ఎంతయింది బిడ్డా ఇదంత?"

"పోయినేడే కట్టేసినం అత్తమ్మా."

"అప్పు లేదా?"

"లేదు."

అయితే ఇంకో పొట్లం తీసుకొమ్మంది.

తిండికి ఎనిమిది వేలు, తిరుగుడుకు ఐదు వేలు అనుకున్నాం, అందులోనే సరిపోయింది. ఆరోగ్యం కోసమని ముట్టుకోకుండా ఉంచిన నాలుగు వేల చిల్లర అలాగే ఇంటికొచ్చింది, కొత్త ఆర్డీకి మొదటి వాయిదాగా పోయింది. వచ్చే ఏడాది మీరూ ఇంట్లో పెద్దవాళ్ళను సముద్రానికి తీసుకెళ్ళాలనుకుంటే, గదులూ టికెట్లూ ఇప్పుడే వెతకక్కర్లేదు. ఈ నెల జీతం పడగానే మొదటి వాయిదా కట్టండి, అది టికెట్లు తెరిచే రోజుకు ముందే చేతికొచ్చేలా చూసుకోండి.