బొమ్మ తుపాకికి నారింజ ముక్కు

మా ఆఫీసులో ఒక మిత్రుడు బొమ్మ తుపాకులు సేకరిస్తాడు. అమెరికాలో 1989 నుంచి వాటి గొట్టం చివర నారింజ రంగు ఉండాలని చట్టం. వాడికది కంట్లో నలుసు. "1898కి ముందటి తుపాకుల నకళ్ళకి మినహాయింపు ఇచ్చారుగా, మిగతావాటికెందుకు లేదు?" అంటాడు. పాయింటు బానే లాగాడు.

కానీ 2014 నవంబరులో క్లీవ్‌లాండ్‌లో తమీర్ రైస్ అనే పన్నెండేళ్ళ పిల్లాడి దగ్గరున్నదీ బొమ్మే. దాని నారింజ ముక్క తీసేసి ఉంది. పోలీసు కారు ఆగిన రెండు సెకన్లలో కాల్చేశారు. "ఆ రెండు సెకన్లలో రంగు చూసేదెవరు?" అంటాడు మావాడు. అదీ నిజమే. అందుకే నా మటుకు నాకు బ్రిటన్ 2006 చట్టమే నయమనిపిస్తుంది. అచ్చం అసలుదానిలా ఉండే నకలు అమ్మడమే నేరం. సినిమాలకీ, మ్యూజియాలకీ మినహాయింపులున్నాయి లెండి.

మా కామారెడ్డి వైపు ఇది ఉత్త కబుర్ల వ్యవహారం కాదు. అన్నలూ, పోలీసులూ ఇద్దరూ తిరిగిన ప్రాంతం. నా చిన్నప్పుడు రాత్రిపూట టార్చిలైటు ఎవరి మీదా వేయొద్దనేది అమ్మ.

మొన్న దీపావళికి ఎల్లారెడ్డిలో అక్క కొడుక్కి తుపాకి కొందామని వెళ్ళాను. ఒకప్పటి రేకు రీలు తుపాకులు కావు, అన్నీ నల్లవే, పోలీసాయన నడుముకుండేలాంటివి. నారింజ రంగు సంగతి దేవుడెరుగు, 2021 జనవరి నుంచి బొమ్మలకి తప్పనిసరైన ఐఎస్ఐ గుర్తు కూడా నేను చూసినవాటి మీద లేదు. రంగులవి లేవా అనడిగితే షాపాయన నవ్వాడు.

"పోరగాళ్ళు నల్లదే అడుగుతరు సార్. రంగుది ఎవరు కొంటరు?"

మా అల్లుడూ నల్లదే చూపిస్తున్నాడు.